గాడిద మోసిన చరిత్ర

మన తెలుగువాళ్ళకి కోపం వచ్చినా, ముద్దొచ్చినా ముందు నోటికి వచ్చే జంతువు గాడిదే. పిల్లవాడు అన్నం తినకుండా పరుగెత్తితే "గాడిదా, ఇలా రా" అంటాం. పరీక్ష తప్పితే "అడ్డగాడిదలా పెరిగావు" అంటాం. నమ్మదగని మాట ఎవరైనా చెప్తే "గాడిద గుడ్డేం కాదూ" అని మూతి విరుస్తాం. తెల్లవారుజామున లేచి అర్ధరాత్రి దాకా ఇంటిల్లిపాదికీ చేసే పని వుందే, దానికి మనం పెట్టుకున్న పేరు గాడిదచాకిరీ. ఇన్ని మాటల్లో ఒక్కటంటే ఒక్కటి మెచ్చుకోలు లేదు. గంధపుచెక్కల వాసన దానికేం తెలుసన్నాం. వేమన అంతటివాడు దాని పాలని ఆవుపాల పక్కన పెట్టి తీసిపారేశాడు. అరవై సంవత్సరాల పేర్లలో ఒకదానికి 'ఖర' అని వుంది గాని, 2011 ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో ఆ పేరు వచ్చినప్పుడు అర్థం తెలిసినవాళ్ళు మూతి బిగించి నవ్వుకున్నారే తప్ప, ఆ జంతువుకి దక్కిన గౌరవమని ఎవరూ అనుకోలేదు.

దేవతలు కాస్త నయం. మశూచి తల్లి శీతలాదేవి గాడిదనెక్కి తిరుగుతుంది. నవదుర్గల్లో కాళరాత్రికీ గాడిదే వాహనం. కంసుడి చెరలో కృష్ణుడు పుట్టిన రాత్రి, ఓండ్రపెట్టబోయిన గాడిద కాళ్ళు వసుదేవుడు పట్టుకున్నాడని మన పెద్దవాళ్ళు చెప్పే కథ మీకు తెలిసిందే. కాని అక్కడ కూడా కథలో నీతి గాడిద గొప్పతనం కాదు. అవసరం వస్తే ఎంతటివాడైనా ఎంత నీచానికి దిగాలో చూడండి అన్నదే నీతి!

ఈ మధ్య నేను గాడిదని గురించి కాస్త శ్రద్ధగా చదవటానికి కారణం పురాణమూ కాదు, చాకిరేవూ కాదు. ఒక వీడియో ఆట.

ఆ ఆట పేరు మైన్‌క్రాఫ్ట్. పిల్లలున్న ఇళ్ళల్లో ఈ పేరు వినని తల్లి వుండదు. 2009లో స్వీడన్ దేశంలో మార్కస్ పెర్సన్ అనే ఆయన మొదలుపెట్టాడు. 2014లో మైక్రోసాఫ్ట్ కంపెనీ 250 కోట్ల డాలర్లు పోసి దాన్ని కొనుక్కుంది. 2023 నాటికి 30 కోట్ల ప్రతులకి పైగా అమ్ముడుపోయాయి. ఆటేమిటంటే, మనిషిని కట్టుబట్టలతో తీసుకెళ్ళి అడవిలో వదిలేస్తారు. చెట్టు కొట్టుకోవాలి, పొయ్యి పెట్టుకోవాలి, పొద్దుగూకేలోగా తలదాచుకునేందుకు గూడు కట్టుకోవాలి. చీకటి పడితే దయ్యాలూ భూతాలూ వస్తాయి. ఆకలేస్తుంది, తిండి సంపాదించుకోవాలి. చూడబోతే వుత్తచేతుల్తో కొత్త కాపురం పెట్టటం లాంటిదే. అత్తగారొక్కరే తక్కువ.

ఈ అడవిలో జంతువులున్నాయి. వాటి చరిత్ర కూడా సరదాగా వుంటుంది. మొదట వచ్చింది పంది. అసలు ఈ ఆటలో పిల్లలందరూ హడలిపోయే క్రీపర్ అనే ఆకుపచ్చ భూతం కూడా పందిని గీయబోయి పొడవూ ఎత్తూ తారుమారు చేస్తే పుట్టినదే. పందికి జీను వేసి ఎక్కి కూచోవచ్చు గాని, అది తన యిష్టం వచ్చినవైపు పోయేది. 2012లో ఆట తయారుచేసేవాళ్ళు కర్రకి కారెట్ దుంప కట్టి దాని ముక్కుముందు ఆడించే వుపాయం కనిపెట్టాకగాని పంది మనిషి మాట వినలేదు. గొర్రె వున్నినిస్తుంది, దానితో పక్క తయారవుతుంది. కోడి గుడ్లిస్తుంది, దాని యీకలు బాణాలకి పనికొస్తాయి. తోడేలుకి ఎముక పెట్టి మచ్చిక చేసుకుంటే కుక్కలా కాపలా కాస్తుంది. ఇలా ఒక్కొక్కదానికి ఒక్కో వుద్యోగం.

2013 జూలైలో గుర్రాలతోపాటు గాడిద కూడా ఈ ప్రపంచంలోకి వచ్చింది. గుర్రానికి కవచం తొడగవచ్చు, యుద్ధానికి తీసుకుపోవచ్చు. గాడిదకి ఆ వైభవం లేదు. దానికి ఒక పెట్టె మాత్రం కట్టవచ్చు. ఆ పెట్టెలో 15 అరలు. గనుల్లో తవ్విన రాళ్ళూ రప్పలూ, ఇనుమూ బంగారమూ అందులో వేసుకుని ఇంటికి తోలుకురావచ్చు. పాపం, కొన్నాళ్ళు బాగానే గడిచింది. 2016లో రెండు కొత్త వస్తువులు వచ్చిపడ్డాయి. ఒకటి, మనిషి భుజాలకి తగిలించుకుని గాలిలో తేలిపోయే రెక్కలు. రెండు, 27 అరలున్న ఒక మాయపెట్టె. సామానంతా అందులో కుక్కి, ఆ పెట్టెనే చిన్న వస్తువులా సంచిలో వేసుకోవచ్చు. ఇక గాడిదతో ఏం పని? "దాన్నెవరూ పెంచరమ్మా, వుత్త వేస్టు" అని మా వాడు తేల్చేశాడు. వాడూ వాడి స్నేహితులూ గంటల తరబడి వాదించుకునే విషయాల్లో యిదొకటి. గాడిదకి ఏ పని కల్పిస్తే అది మళ్ళీ నలుగురికీ కావలసినదవుతుంది?

వాళ్ళకిది ఆట. బి.ఏ.లో చరిత్ర చదువుకున్న నాకు మాత్రం ఆ మాటల్లో ఏడువేల ఏళ్ళ కథ సంక్షిప్తంగా వినిపించింది. ఆటలో గాడిదకి వుద్యోగం వచ్చి, పోవటానికి మూడేళ్ళు పట్టింది. అసలు ప్రపంచంలో రావటానికి, పోవటానికి మధ్య ఏడువేల సంవత్సరాలు గడిచాయి. వూడటానికి కారణం మాత్రం రెండుచోట్లా ఒకటే.

మొదటినించీ చెప్తాను. 2022లో శాస్త్రజ్ఞులు ఇప్పటి గాడిదలు 207, తవ్వకాల్లో దొరికిన పాతకాలపు గాడిదలు 31, వీటన్నిటి జన్యువుల్నీ పోల్చి చూశారు. క్రీ.పూ. 5000 ప్రాంతంలో తూర్పు ఆఫ్రికాలో ఒక్కచోటే అడవిగాడిద మచ్చికయిందనీ, లోకంలోని గాడిదలన్నీ ఆ సంతతేననీ తేల్చారు. పచ్చికతో, చెరువులతో కళకళలాడిన సహారా ఎండి ఎడారి అవుతున్న రోజులవి. నీళ్ళు దూరమయ్యాయి, ప్రయాణాలు పెరిగాయి. ఆవు ఆ ఎండలో ఆగలేదు. ముళ్ళపొదలు తిని, తక్కువ నీళ్ళతో సరిపెట్టుకుని, రోజంతా బరువుతో నడవగలిగిన జంతువు కావలసివచ్చింది. అంటే మన గాడిద ఎవరి ముద్దు కోసమూ ఇంట్లోకి రాలేదు. కరువు దాన్ని మన గుమ్మంలోకి తెచ్చింది.

దానికి మొదట్లో దక్కిన మర్యాద చూస్తే మనకి ఆశ్చర్యం వేస్తుంది. ఈజిప్టులో అబిడోస్ అనేచోట తొలి రాజులలో ఒకరి స్మారకం పక్కన ఇటుకలతో కట్టిన మూడు సమాధులు బయటపడ్డాయి. రాజుగారి పరలోక ప్రయాణానికి తోడు పంపిన గొప్ప వుద్యోగులెవరో అందులో వుంటారనుకోవటం సహజం. తెరిచి చూస్తే పది గాడిదలు! అయిదువేల ఏళ్ళనాటివి. ఆ ఎముకల్ని పరీక్షించి 2008లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, వాటి వెన్నుపూసలు, కీళ్ళు బరువులు మోసి మోసి అరిగివున్నాయి. బతికినన్నాళ్ళూ గాడిదచాకిరీ చేయించుకున్నా, పోయాక మాత్రం రాజబంధువులకి చేసినట్టు సమాధి చేశారు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, మనకి అదీ లేదు.

గాడిద చరిత్రలో నాకు అన్నిటికంటె నచ్చిన అధ్యాయం క్రీ.పూ. 1900 ప్రాంతానిది. ఇప్పటి ఇరాక్ దేశంలో టైగ్రిస్ నది ఒడ్డున అష్షూరు అనే పట్టణం వుండేది. అక్కడి వర్తకులు ఇప్పటి టర్కీలోని కనేష్ అనే వూరికి వెయ్యి కిలోమీటర్లకి పైగా ప్రయాణం చేసి వ్యాపారం చేసేవారు. కొండలూ కనుమలూ దాటి వెళ్ళటానికి ఇంచుమించు ఆరువారాలు పట్టేది. తీసుకెళ్ళేది తగరమూ, నేసిన బట్టలూ. తెచ్చేది వెండీ బంగారమూ. తగరం లేకపోతే రాగి కంచు కాదు. కంచు లేకపోతే ఆనాటి కత్తి లేదు. ఒక యుగానికి యుగమే ఆ లోహం పేరు మోస్తోంది. ఆ తగరాన్ని మోసింది మాత్రం గాడిద. ఒక్కొక్కదాని మీద సుమారు 65 కిలోల తగరం గాని, పాతిక ముప్ఫై బట్టల తానులు గాని వేసేవారు.

ఆ వర్తకులు అన్ని లెక్కలూ మట్టిపలకల మీద రాసుకున్నారు. కనేష్‌లో అలాంటి పలకలు 20 వేలకి పైగా దొరికాయి. గాడిద ధరెంత, జీనుకెంత, మేతకెంత, దారిలో సుంకమెంత, ఎక్కడ ఏ గాడిద చచ్చిపోయింది, అన్నీ వున్నాయి వాటిలో. వాటిలోనే ఆడవాళ్ళు రాసిన వుత్తరాలు కూడా వున్నాయి. మొగుళ్ళు కనేష్‌లో దుకాణం పెట్టుకుని ఏళ్ళ తరబడి అక్కడే వుండిపోతే, భార్యలు అష్షూరులో వుండి పిల్లల్ని పెంచుతూ, వున్ని వడికి, దాసీలచేత, ఆడపిల్లలచేత నేయించి, బట్టలు మూటలు కట్టి గాడిదల మీద పంపించేవారు. అమ్మగా వచ్చిన వెండిలో తమ వాటా ఎంతో ఖచ్చితంగా అడిగి తీసుకునేవారు.

ఆ ఇల్లాళ్ళలో లమస్సి అనే ఆమె వుంది. భర్త పేరు పూషుకేన్, కనేష్‌లో పేరుమోసిన వర్తకుడు. బట్టలు పంపటం ఆలస్యమయిందని ఆయన విసుక్కుంటే, పిల్ల పెద్దదయింది, ఇంట్లో దాని అవసరాలకి కూడా నేయవలసి వచ్చింది, అంతమాత్రానికే కోపమెందుకని ఆమె సమాధానం రాసింది. ఇంకొక వుత్తరంలో, మీరు వెళ్ళిన తరవాత ఫలానా ఆయన రెండుసార్లు ఇల్లు కట్టాడు, మనమెప్పుడు కట్టుకుంటాం అని నిలదీసింది. నాలుగువేల సంవత్సరాల కిందటి మాట! పేరూ వూరూ మారిస్తే మన వీధిలో ఏ ఇంట్లోనయినా నిన్న రాత్రి భోజనాల దగ్గర వినిపించే మాటే కాదూ?

లమస్సి నేయించిన బట్టలు మోసింది గాడిద. ఆమె అలిగి రాసిన వుత్తరం మోసింది కూడా ఆ గాడిదల బిడారే. చరిత్ర పుస్తకాల్లో మాత్రం అది పూషుకేన్ వర్తకమనే రాసివుంటుంది. నేసినామె, మోసినది, ఇద్దరూ అడుగున వుంటారు. మట్టిపలక చెక్కుచెదరదు కనక ఇద్దరి సంగతీ మనకి తెలిసింది. కాయితం మీద రాసివుంటే ఏనాడో చెదలు తినేసేవి.

గాడిదని ఇంకా పనికొచ్చేలా చేయాలన్న ఆలోచన మా పిల్లలకి కొత్తగా పుట్టినదేమీ కాదు. నాలుగున్నరవేల ఏళ్ళనాడు సిరియాలో ధనికులు కుంగా అనే జంతువుని రథాలకి కట్టేవారు. గుర్రాలు ఆ దేశానికి ఇంకా రాలేదు. మరి ఈ కుంగా ఏమిటో చాలాకాలం పండితులకి తెలియలేదు. 2022లో ఎముకల్ని పరీక్షిస్తే, ఆడగాడిదకీ మగ అడవిగాడిదకీ పుట్టిన సంకరమని తేలింది. మనిషి కావాలని పుట్టించిన సంకర జంతువుల్లో మనకి తెలిసినంతలో అదే మొదటిది. తరవాత గుర్రం రావటంతో కంచరగాడిద వచ్చింది. ఆటలో కూడా గుర్రానికీ గాడిదకీ కంచరగాడిద పుడుతుంది, అసలు ప్రపంచంలోలాగే దానికి పిల్లలు పుట్టవు. ఆట చేసినవాళ్ళకి ప్రకృతిశాస్త్రం బాగానే తెలుసు.

గాడిదపాల సంగతి కూడా చెప్పకపోతే మీరు వూరుకోరు. రోము చక్రవర్తి నీరో భార్య పొప్పియా పాలస్నానం కోసం ఎక్కడికి వెళ్ళినా 500 గాడిదల్ని వెంట తోలించుకుపోయేదని ఆ కాలపు రచయిత ప్లినీ రాశాడు. ఒంటి నునుపుకోసం ఆవిడ అలా చేస్తే, మన వీధుల్లో పసిపిల్లలకి దగ్గూ ఆయాసమూ రాకుండా వుండాలని ఉగ్గుగిన్నెడు గాడిదపాలు కొని పట్టటం ఆచారంగా వుంది. పచ్చిపాలు పసివాళ్ళకి పట్టవద్దని డాక్టర్లు మొత్తుకుంటారు, వాళ్ళ మాటే వినటం మంచిది. నేను చెప్పేదేమిటంటే, కడివెడున్నా పనికిరావని మనం నవ్వుకునే పాలనే మన అమ్మమ్మలు చెంచాల లెక్కన డబ్బిచ్చి కొన్నారు.

ఇక మన దేశానికి వద్దాం. బండిచక్రం తిరగలేని దారులు మనకి చాలా వుండేవి. కోస్తాలో వుప్పు పండుతుంది, లోపలి సీమలకి వుప్పు కావాలి. లోపల జొన్నలూ పప్పులూ పండుతాయి, అవి ఇటు రావాలి. ఈ రాకపోకలు చేసినవాళ్ళలో పెద్దపెద్ద ఎద్దుల బిడార్లు నడిపిన లంబాడీలున్నారు. ఎద్దులతోనూ గాడిదలతోనూ వూరూరా తిరిగిన ఎరుకలవాళ్ళున్నారు. ఎరుకలంటే మనకి బుట్టలల్లటం, ఎరుక చెప్పటం గుర్తుకొస్తాయి. కాని పాత మద్రాసు రాజధానిలో వాళ్ళలో చాలామందికి వుప్పు వ్యాపారమే ముఖ్యమైన జీవనాధారం. గాడిద వీపు మీద కంట్లం వేసి, పిల్లాజెల్లాతో సహా కుటుంబమంతా వెంట నడిచి, సంతకీ సంతకీ మధ్య ఇళ్ళముందు ఆగి వుప్పు కొలిచి ధాన్యం పుచ్చుకునేవారు. ఏ రోడ్డూ లేని పల్లెలో మన ముత్తవ్వలు కూరలో వేసుకున్న వుప్పు అలా వచ్చినదే.

1856లో దక్షిణాదిన మొదటి రైలు మద్రాసునించి ఆర్కాటు వైపు నడిచింది. తరవాత రైలుదారులు లోపలి సీమలకి పాకాయి. ఒక్క పెట్టెలో వందల గాడిదల బరువు పట్టింది. మా వాడి ఆటలోని 27 అరల మాయపెట్టె సరిగ్గా ఇదే! దానికితోడు ప్రభుత్వం వుప్పుని గుప్పిట్లో పెట్టుకుని పన్ను బిగించింది. 1876లో ధాత కరువు వచ్చి పశువుల్నీ మనుషుల్నీ తుడిచిపెట్టింది. దారినపడి వ్యాపారం చేసుకునేవాళ్ళకి దారి వుంది గాని వ్యాపారం లేకుండా పోయింది.

అప్పుడేం జరిగిందో మీరు గమనించాలి. నిన్నటిదాకా గుమ్మంలోకి వచ్చి వుప్పు కొలిచిన మనిషి, కొలవటానికి ఏమీ లేకుండా వూరిబయట కనిపిస్తే, పోలీసుల కంటికి అనుమానాస్పదుడయ్యాడు. స్థిరమైన ఇల్లు లేనివాడు, కనిపించే వృత్తి లేనివాడు దొంగే అయివుంటాడని ఆనాటి దొరలు నిర్ణయించారు. కొన్ని జాతులకి జాతులనే పుట్టుకతో నేరస్థులుగా ముద్రవేసే చట్టం వుత్తరాదిన 1871లో వచ్చింది. 1911లో మద్రాసు రాజధానికి కూడా వర్తించింది. ఎరుకలవాళ్ళు ఆ జాబితాకెక్కారు. వాళ్ళని ఒకచోట వుంచి కనిపెట్టడానికి సెటిల్‌మెంట్లు పెట్టారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం అలా వెలసిందే. ఆ పేరు చెప్పగానే మనకి ఏం గుర్తుకొస్తుందో నేను వేరే చెప్పక్కరలేదు, సినిమాలు కూడా తీశారు. ఆ వూరివాళ్ళ ముత్తాతలు వుప్పు మోసి బతికిన వర్తకులన్నమాట మాత్రం ఏ సినిమాలోనూ నేను చూడలేదు. స్వాతంత్య్రం వచ్చాక 1952లో ఆ చట్టాన్ని రద్దు చేశారు. చట్టం ఒక్కరోజులో పోయింది. పేరుకి పడిన మచ్చ మూడు తరాలు గడిచినా పూర్తిగా పోలేదు.

పని పోయిన గాడిదని తిట్టుమాట చేసి సరిపెట్టాం. పని పోయిన మనిషికి నేరం అంటగట్టారు. అందుకే 'పనికిరాదు' అన్న మాట నాకు అంత తేలిగ్గా నోటికి రాదు. పనికిరానివాళ్ళని ఎవరో పుట్టించరు. దారి మారుతుంది, వాళ్ళు దారిపక్కన మిగిలిపోతారు.

ఇప్పటి లెక్కలు చూడండి. మన దేశంలో 2012 పశుగణనలో గాడిదలు ఇంచుమించు 3 లక్షల 20 వేలున్నాయి. 2019 నాటికి ఒక లక్షా 20 వేలే మిగిలాయి. అంటే ఏడేళ్ళలో నూటికి అరవైకి పైగా మాయం. ఆటోలు, ట్రాక్టర్లు, బట్టలుతికే యంత్రాలు కొంత కారణం. కోస్తా జిల్లాల్లో దాని మాంసం చట్టవిరుద్ధంగా అమ్మటం ఇంకొంత. అన్నిటికంటె పెద్ద గండం చైనాలో వుంది. అక్కడ గాడిదతోలు వుడకబెట్టి తీసిన జిగురుతో ఎజియావో అనే మందు చేస్తారు. రక్తం పడుతుందనీ, ఆడవాళ్ళ ఆరోగ్యానికి మంచిదనీ, అందం పెరుగుతుందనీ నమ్మకం. చైనాలో గాడిదలు తరిగిపోయి, ఆఫ్రికా గాడిదల మీద పడ్డారు. రాత్రికి రాత్రి దొడ్లలోంచి దొంగిలించి తోళ్ళు వలిచారు. చివరికి 2024 ఫిబ్రవరిలో ఆఫ్రికా దేశాల సమితి, తోలు కోసం గాడిదల్ని చంపరాదని 15 ఏళ్ళపాటు నిషేధం పెట్టింది.

ఒక పల్లెటూళ్ళో గాడిద పోతే ఏమవుతుంది? ఆఫ్రికాలో చాలాచోట్ల నీళ్ళు, కట్టెలు మోసేది ఆడవాళ్ళకి గాడిదే. అది వున్న ఇంట్లో పిల్ల బడికి వెడుతుంది. అది లేని ఇంట్లో బిందె మళ్ళీ ఆడదాని నెత్తి మీదికే వస్తుంది, పిల్ల బడి మానేస్తుంది. ఎక్కడో ఒక స్త్రీ చర్మం నిగనిగలాడటం కోసం ఇంకెక్కడో ఒక స్త్రీ నడుం వంగిపోతోందన్నమాట. గాడిద మధ్యలో వుంది.

సరే, పిల్లల ప్రశ్న సంగతేమిటి? ఆటలో గాడిదకి ఏ పని కల్పించాలి? నన్నడిగితే కొత్తగా కల్పించక్కరలేదు, దానికి నిజంగా వున్న విద్యలు ఇస్తే చాలు.

మొదటిది కాపలా. గాడిదకి కుక్కజాతి గిట్టదు. అమెరికాలోనూ, ఆస్ట్రేలియాలోనూ గొర్రెల కాపరులు మందలో ఒక గాడిదని వదులుతారు. నక్కజాతి జంతువు వస్తే అరిచి, తరిమి, కాళ్ళతో తంతుంది. ఆటలో తోడేళ్ళు గొర్రెల మీద పడతాయి కదా, అక్కడ గాడిద నిలబడితే ఎంత బాగుంటుంది!

రెండోది నీళ్ళు. అమెరికా ఎడారుల్లో అడవిపాలయిన గాడిదలు గిట్టలతో ఇంచుమించు రెండు మీటర్ల లోతుదాకా గుంటలు తవ్వి నీళ్ళు పైకి తెస్తాయని 2021లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. జింకలూ పిట్టలూ వచ్చి ఆ నీళ్ళు తాగుతాయి. తాను తవ్విన బావిలో పదిమందీ తాగటం గాడిద తలరాత కాబోలు.

మూడోది దారి జ్ఞాపకం. చాకిరేవు చూసినవాళ్ళకి తెలుసు, మూట వేసి అదిలిస్తే గాడిద తనంతట తనే రేవుకి పోతుంది, తనే ఇంటికి వస్తుంది. ఆటలో లామా అనే జంతువుని ఒకదాన్ని తాడుతో నడిపిస్తే మిగతావి వరసగా వెంట వస్తాయి. లామాకి ఇచ్చిన బిడారు, నాలుగువేల ఏళ్ళ కిందటే బిడారు నడిచిన గాడిదకి ఇవ్వకపోవటం అన్యాయం కాదూ? మొండితనం అంటారా, అదీ దాని తెలివే. గుర్రం బెదిరితే పరుగెత్తుతుంది. గాడిద బెదిరితే నిలబడి ఆలోచిస్తుంది. ముందు గొయ్యి వుందేమో తేలేదాకా కదలదు. ఆలోచించేవాళ్ళని మొండివాళ్ళనటం లోకానికి అలవాటే, ఆ సంగతి ఇంట్లో ఒక్కసారయినా 'నేను రాను' అన్న ఏ ఆడదాన్నడిగినా చెప్తుంది.

ఇదేమీ కాని పని కాదు. 2023లో ఆట ఆడేవాళ్ళు ఓట్లు వేసి ఆర్మడిల్లో అనే పెంకుజంతువుని ఎన్నుకుంటే, 2024లో దాని పెంకులతో పెంపుడు తోడేలుకి కవచం చేసే ఏర్పాటు పెట్టారు. ఎవరికీ పట్టని రెండు జంతువులు ఒకదానికొకటి ఆసరా అయ్యాయి. మరి గాడిద వంతు ఎప్పుడో?

బయటి ప్రపంచంలోనూ కొందరు మంచివాళ్ళు ఈ ప్రశ్నకి జవాబు కనిపెట్టారు. కొలంబియా దేశంలో లూయిస్ సొరియానో అనే బడిపంతులు, బళ్ళు వెళ్ళలేని కొండపల్లెలకి రెండు గాడిదల మీద పుస్తకాలు మోయించుకుని వెళ్ళి పిల్లలకి చదివి వినిపించటం మొదలుపెట్టాడు. ఆ గాడిదల పేర్లు ఆల్ఫా, బెతో. రెండూ కలిపి పలికితే వాళ్ళ భాషలో అక్షరమాల. మనం చదువురానివాణ్ణి ఏమని తిడతామో గుర్తుచేసుకుంటే, ఆ పేర్లు పెట్టినాయనకి చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఆటలో ఒక సుఖం వుంది. పని లేని గాడిద పచ్చికలో ఒక మూల నిలబడి వుంటుంది, ఎవరూ దాని జోలికి పోరు. ఇక్కడ ఆ భాగ్యం లేదు. పని వున్నంతకాలం మూట, పని పోయిన మర్నాడు తోలు లెక్క. అది మోసిన తగరంతో కంచుయుగం నడిచింది, అది మోసిన వుప్పుతో మన ఇళ్ళల్లో కూర రుచిపడింది. ఇంతా మోసినదాన్ని మిగుల్చుకోవటానికి, రేపు అది మనకేం చేసిపెడుతుందో లెక్క తేలాలా? పిల్లలు దానికి కొత్త పని వెతకనివ్వండి, మంచిదే. పెద్దవాళ్ళం మనం మాత్రం ఇన్నాళ్ళు చేసిన పనికి కూలి బాకీ వున్నామని గుర్తుంచుకుంటే చాలు. ఇక మీ పిల్లవాణ్ణి గాడిదా అని పిలవాలనిపిస్తే నిరభ్యంతరంగా పిలవండి. అది తిట్టని మాత్రం వాడికి చెప్పకండి.